కింది దవడ ఎముక సన్నబడితే పళ్ళసెట్టుకు ఏ ఇంప్లాంట్ వేయించాలి?

మీరు అడిగింది ఇదీ: తెనాలిలో ఉండే మీ అమ్మగారికి 67 ఏళ్లు, షుగర్ ఉంది. పైనా కిందా పన్నెండేళ్లుగా పళ్ళసెట్టు వాడుతున్నారు. పైది బాగానే నిలుస్తోంది కానీ కిందిది అన్నం నమిలేటప్పుడు లేచిపోతోంది. ముగ్గురు డాక్టర్లకు చూపించారు. ఒకరు నాలుగు మినీ ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే సన్నటి లోహపు మరలు) చాలన్నారు, ఇంకొకరు ముందు ఎముక అతికించాలన్నారు, మూడో చోట బేసల్ ఇంప్లాంట్లతో మూడు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్ళు ఇస్తామన్నారు. వీళ్లలో ఎవరి మాట వినాలి, పై సెట్టు కూడా మార్చాలా అన్నది మీ ప్రశ్న.

నేను చాలా ఏళ్లు కట్టుడు పళ్ళ విభాగంలోనే, అంటే ప్రోస్థోడాంటిస్ట్‌గా పనిచేశాను. ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెప్పారంటే ఎవరో ఒకరు మోసం చేస్తున్నారని అనుకోకండి. మీ ప్రశ్నలో నాకు కనిపించిన లోటు వేరే ఉంది. ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా సీబీసీటీ స్కాన్, అంటే దవడ ఎత్తు వెడల్పులు రెండూ చూపే త్రీడీ స్కాన్, తీయించినట్టు మీరు రాయలేదు. ఓపీజీ ఎక్స్‌రే (రెండు దవడలూ ఒకే బొమ్మలో పడేది) చూసే అందరూ మాట్లాడారు. ఓపీజీలో దవడ ఎత్తు సుమారుగా తెలుస్తుంది, వెడల్పు అసలు తెలియదు. "ఎముక సన్నగా ఉంది" అనే మాట వెడల్పు గురించా, ఎత్తు గురించా అన్నది తేలకుండా ఏ ఇంప్లాంట్ అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఆ తేడా తేలాక సగం గందరగోళం దానంతట అదే పోతుంది.

కింది సెట్టు ఎందుకు వదులవుతుందో ముందు చెప్తాను. పై సెట్టు అంగిలి మొత్తాన్ని కప్పుతుంది, లాలాజలం పొరతో అతుక్కుని నిలుస్తుంది. కింది సెట్టుకు ఆ వీలు లేదు. మధ్యలో నాలుక ఉంటుంది కాబట్టి అది గుర్రపు లాడం ఆకారంలో సన్నటి పట్టీలా చిగురు మీద కూర్చోవాలి. ఒక పక్క నాలుక, ఇంకో పక్క బుగ్గ దాన్ని నెడుతూనే ఉంటాయి. దానికి తోడు కింద ఎముక కరిగే వేగం ఎక్కువ. పళ్ళసెట్టు వాడేవాళ్ల దవడలను 25 ఏళ్ల కాలం మీద పరిశీలించి అంత్యే టాల్‌గ్రెన్ 1972లో ప్రచురించిన అధ్యయనం మా చదువులో అందరికీ తెలిసినదే. ముందు భాగంలో పై దవడ కంటే కింది దవడ ఎత్తు సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా తగ్గిందని అందులో తేలింది. పళ్ళు తీసిన మొదటి ఏడాదిలో తగ్గుదల బాగా వేగంగా ఉంటుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగదు. మీ అమ్మగారి పై సెట్టు నిలుస్తూ కిందిది లేస్తోందంటే అందులో వింతేమీ లేదు.

ఇప్పుడు ఆ "సన్నగా" అన్న మాట సంగతి. పళ్ళు పోయాక దవడ ఎలా మారుతుందో కావుడ్, హోవెల్ అనే ఇద్దరు 1988లో ఆరు దశలుగా విభజించారు. ఇప్పటికీ డాక్టర్లు ఆ లెక్కలోనే మాట్లాడుకుంటారు. వాటిలో నాలుగోది కత్తి అంచు దశ. ఎత్తు బాగానే మిగిలి ఉంటుంది, పైఅంచు మాత్రం పదునుగా రెండు మూడు మిల్లీమీటర్ల మందానికి వచ్చేస్తుంది. అయిదో దశలో ఆ అంచు కూడా పోయి దవడ చదునవుతుంది. ఆరోదానిలో లోపలికి గుంట పడుతుంది. నాలుగో దశను, ఆరో దశను ఒకే మాటతో "ఎముక లేదు" అనేస్తే కుటుంబానికి భయం తప్ప ఇంకేమీ అర్థం కాదు.

మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. కింది దవడలో గడ్డం దగ్గర, కుడి ఎడమల నరం బయటికొచ్చే రెండు రంధ్రాల మధ్య భాగంలో, పైఅంచు కరిగినా అడుగు ఎముక చాలా ఏళ్లు నిలుస్తుంది. అది గట్టి ఎముక. అక్కడ లోపల పెద్ద నరం కూడా అడ్డం రాదు. వెనక దవడ పళ్ళ చోట అలా కాదు. పైఅంచు కిందకు దిగేకొద్దీ నరం దగ్గరైపోతుంది. అందుకే సెట్టును పట్టి ఉంచే ఇంప్లాంట్లను దాదాపు ఎప్పుడూ ముందు భాగంలోనే, కోరపళ్ళు ఉండే చోట వేస్తారు. 1965లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఈ ఇంప్లాంట్లకు ఆద్యుడైన బ్రోనెమార్క్ తన మొదటి రోగికి టైటానియం ఇంప్లాంట్లు వేసింది కూడా కింది దవడలోనే.

కొలతలు చూద్దాం. ఇంప్లాంట్ చుట్టూ అన్ని వైపులా కనీసం ఒక మిల్లీమీటరు, వీలైతే ఒకటిన్నర, ఎముక మిగలాలి. మామూలు ఇంప్లాంట్ మందం 3.75 నుంచి 4 మి.మీ. ఉంటుంది. అంటే ఎముక 6 నుంచి 7 మి.మీ. వెడల్పు ఉండాలి. మీ అమ్మగారి దవడ పైఅంచు దగ్గర 3 మి.మీ. మాత్రమే ఉందనుకోండి. పైనుంచి చూస్తే ఇంప్లాంట్‌కు చోటే లేదనిపిస్తుంది. కానీ ముందు దవడ కిందకు వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్లు దిగితే చాలామందికి కావలసిన వెడల్పు దొరుకుతుంది. అప్పుడు చేసేది ఆ పదును అంచును అరగదీసి చదును చేసి, వెడల్పు వచ్చిన చోట మామూలు ఇంప్లాంట్లు రెండు వేయడం.

ఈ మాట చెప్పగానే ఇంట్లోవాళ్లు "ఉన్న ఎముకే తక్కువ, దాన్నీ కోసేస్తారా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆ కత్తి అంచు వల్ల సెట్టుకు ఆసరా ఏమీ రాదు, పైగా నమిలినప్పుడు చిగురు దానికీ సెట్టుకూ మధ్య నలిగి పుండు పడుతుంది. దాన్ని తీస్తే నొప్పి తగ్గుతుంది, సెట్టులో పట్టు భాగాలు అమర్చడానికి పైన చోటు కూడా వస్తుంది. ఎత్తు 16 మి.మీ. ఉంటే నాలుగు తీసినా పన్నెండు మిగులుతుంది, 10 మి.మీ. ఇంప్లాంట్‌కు అది చాలు. మొత్తం ఎత్తే 10 ఉంటే మాత్రం అరగదీయకూడదు. అక్కడ దారి వేరు. స్కాన్ లేకుండా ఈ నిర్ణయం చేయలేమని అనేది ఇందుకే.

ఎన్ని వేయాలన్న దాని మీద పెద్దగా వాదం లేదు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 2002లో కూడిన నిపుణులు, కింద పళ్ళు లేనివాళ్లకు వట్టి సెట్టు కాకుండా రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టునే మొదటి ఎంపికగా చూడాలన్నారు. 2009లో ఇంగ్లండ్‌లోని యార్క్ నుంచి వచ్చిన ప్రకటన కూడా ఆ మాటే బలపరిచింది. రెండు మామూలు ఇంప్లాంట్లు, కోరపళ్ళ చోట ఒక్కొక్కటి. బాగా పెద్దవయసు వాళ్లకు, ఆపరేషన్ ఎంత చిన్నదైతే అంత మంచిది అనుకునే చోట, మధ్యలో ఒక్కటే వేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. మీ అమ్మగారి వయసుకు రెండు వేయించడమే నయం.

ఇక ఆ ముగ్గురు చెప్పిన దారులు ఒక్కొక్కటీ.

మినీ ఇంప్లాంట్లు 3 మి.మీ. కంటే సన్నటివి, ఎక్కువగా 1.8 నుంచి 2.5 మధ్య ఉంటాయి. మొదట్లో పెద్ద ఇంప్లాంట్లు ఎముకలో కుదురుకునేదాకా తాత్కాలిక సెట్టును నిలబెట్టడానికి వీటిని వాడేవారు. అవి బాగానే నిలబడుతున్నాయని చూశాక శాశ్వతంగా కూడా వాడటం మొదలైంది. కింది దవడకు సాధారణంగా నాలుగు వేస్తారు. చాలాసార్లు చిగురు కోయకుండానే, సన్నటి రంధ్రంతోనే పని అయిపోతుంది. బిగించేటప్పుడు గట్టి పట్టు దొరికితే, డాక్టర్ల లెక్కలో 35 న్యూటన్ సెంటీమీటర్ల దాకా వస్తే, అదే రోజు సెట్టుకు తగిలించవచ్చు. కోత తట్టుకోలేనివాళ్లకు, గుండెజబ్బు మందుల మీద ఉన్నవాళ్లకు, ఖర్చు పెద్ద సమస్య అయినవాళ్లకు ఇవి మంచి దారే.

వీటిలో ఇబ్బంది లేకపోలేదు. ఇంప్లాంటూ దాని మీది గుండు తలా ఒకే ముక్క. ఆ గుండు అరిగితే పై భాగం మార్చే వీలుండదు, మొత్తం తీసేయాల్సిందే. సన్నటి లోహం కాబట్టి ఏళ్ల తరబడి నమిలే ఒత్తిడికి అలిసిపోయి విరగవచ్చు. ముందు దవడ ఎముక మరీ గట్టిగా ఉంటే బిగించేటప్పుడే విరిగే ప్రమాదం ఉంది. నాలుగూ ఒకదానికొకటి సమాంతరంగా రాకపోతే సెట్టు పెట్టడం, తీయడం రోజూ కుస్తీ అవుతుంది. చిగురు కోయకుండా వేయడం వినడానికి హాయిగా ఉన్నా, కత్తి అంచు దవడలో డ్రిల్లు ఎముకలోకి దిగుతోందా, పక్కకు జారుతోందా అన్నది డాక్టరుకు కంటికి కనబడదు. సన్నటి దవడలోనే చూపు ఎక్కువ అవసరం. అందుకని స్కాన్ లేకుండా మినీలు వేస్తామనే చోట నేనైతే మా ఇంటివాళ్లను కూర్చోబెట్టను.

మినీలకూ మామూలు వాటికీ మధ్య ఇంకో రకం ఉంది, దాన్ని మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. 3 నుంచి 3.5 మి.మీ. మందం ఉండే సన్న ఇంప్లాంట్లు. ఇవి రెండు ముక్కలవి, కాబట్టి పైభాగం అరిగితే దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు. కొన్ని కంపెనీలు వీటిని వట్టి టైటానియంతో కాకుండా టైటానియం, జిర్కోనియం కలిపిన మిశ్రలోహంతో చేస్తాయి. అది ఎక్కువ బలంగా ఉంటుంది. ఎముక వెడల్పు 5, 5.5 మి.మీ. వచ్చి, అరగదీయడానికి ఎత్తు మిగులు లేనప్పుడు నా మొదటి ఎంపిక ఇవే. ఖరీదు మినీల కంటే ఎక్కువ, కానీ సంఖ్య రెండే కాబట్టి నాలుగు మినీలతో పోల్చి మొత్తం లెక్క వేయించుకోండి. ఒక్కోసారి తేడా అనుకున్నంత ఉండదు.

ఎముక అతికించడం రెండో డాక్టరు మాట. చీల్చిన అంచు మధ్య ఎముక పొడి నింపడం, దవడ వెనక నుంచో గడ్డం నుంచో ముక్క తీసి బిగించడం, పొడి వేసి పైన పొర కప్పడం, ఇలా పద్ధతులు చాలా ఉన్నాయి. అన్నింటికీ నెలల తరబడి ఆగాలి. అంచు చీల్చాలంటే కనీసం 3 మి.మీ. వెడల్పు, మధ్యలో మెత్తటి ఎముక ఉండాలి. కింది దవడ బయటి గోడ గట్టిది, వంగకుండా విరిగిపోయే గుణం దానిది. ఒక్కో పన్నుగా ఫిక్స్‌డ్ పళ్ళు కావాలంటే ఎముక పెంచడం చాలాసార్లు తప్పదు. మీకు కావలసింది తీసి పెట్టుకునే సెట్టు కదలకుండా ఉండటం. దానికోసం ముందు దవడలో ఎముక అతికించాల్సిన అవసరం అరుదుగా వస్తుంది. షుగర్ ఉన్న 67 ఏళ్ల మనిషికి రెండో గాయం, అది మానడానికి పట్టే సమయం, అతికించినది నిలవకపోయే అవకాశం, ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

బాగా కరిగిపోయిన దవడ విషయంలో కూడా ఇదే మాట. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో అలాంటి రోగులను మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు తుంటి ఎముక అతికించి, ఒక జట్టుకు దవడ అడుగు నుంచి బిగించే చట్రంతో, ఇంకో జట్టుకు ఎముక పెంచకుండానే నాలుగు పొట్టి ఇంప్లాంట్లు వేసి పదేళ్లు చూశారు. పొట్టివే బాగా నిలిచాయి. అలాగని ఎత్తు ఏడెనిమిది మిల్లీమీటర్లకు పడిపోయిన దవడలో ఎవరు పడితే వాళ్లు రంధ్రం వేయకూడదు. అక్కడ దవడే విరిగే ప్రమాదం ఉంది. ఆ దశలో ఉంటే నోటి శస్త్రచికిత్స నిపుణుడి దగ్గరే చేయించాలి.

మూడో చోట చెప్పిన బేసల్ ఇంప్లాంట్ల గురించి అడిగితే చాలామంది డాక్టర్లు దులిపేస్తారు, లేదా ఆకాశానికి ఎత్తేస్తారు. రెండూ సరికాదు. ఇవి ఒకే ముక్కగా ఉండి, పైఅంచును వదిలేసి లోతున ఉన్న గట్టి ఎముకలో పట్టు తీసుకుంటాయి. ఎక్కువ సంఖ్యలో వేసి, అన్నింటినీ ఫిక్స్‌డ్ పళ్ళతో వెంటనే కలిపి కట్టేస్తారు. మూడు రోజుల్లో పళ్ళు వస్తాయన్నది నిజమే, ఎముక మూడు రోజుల్లో మానుతుందని మాత్రం కాదు. శిక్షణ ఉన్న చేతుల్లో, నిజంగా వేరే దారి లేని దవడల్లో వీటికి చోటుంది. కానీ రెండు ముక్కల మామూలు ఇంప్లాంట్లకు ఉన్నంత దీర్ఘకాల పరిశోధన వీటి వెనక లేదు. తీయలేని పళ్ళ కింద శుభ్రం చేయడం పెద్దవయసులో, చేతి వేళ్ళు పట్టు తప్పుతున్నప్పుడు, ఎంత కష్టమో ఊహించండి. ఒకటి చెడితే మిగతా వాటికీ అదే కట్టు. మీ అమ్మగారి సమస్య సెట్టు లేవడం. దానికోసం అన్ని ఇంప్లాంట్లు వేయించుకోవాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. ఫిక్స్‌డ్ పళ్ళే కావాలని ఆవిడకు గట్టిగా ఉంటే, వెనకవి రెండు ఏటవాలుగా వేసే నాలుగు ఇంప్లాంట్ల పద్ధతి ఉంది. పోర్చుగల్‌కు చెందిన పావులో మాలో దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఖర్చు రెండు ఇంప్లాంట్ల సెట్టుకు ఎన్నో రెట్లు.

ఇంప్లాంట్ ఏదైనా సెట్టును పట్టి ఉంచేది దాని మీది పైభాగం. జాకెట్టుకు కుట్టే టిచ్ బటన్ ఎలా టక్కుమని పడుతుందో ఇదీ అంతే. ఒక భాగం ఇంప్లాంట్ మీద, ఇంకోటి సెట్టు లోపల. గుండు తల ఉన్నవి పాత రకం. ఇప్పుడు ఎక్కువగా వాడేది లొకేటర్. అది పొట్టిగా ఉంటుంది, ఇంప్లాంట్లు కాస్త వాలినా సర్దుకుంటుంది. దాని లోపలి నైలాన్ టోపీలు రంగును బట్టి పట్టు మారుతుంది. నీలం తేలిక, గులాబీ మధ్యస్థం, తెల్లగా పారదర్శకంగా ఉండేది గట్టిది. మొదట్లో తేలిక పట్టుతోనే మొదలుపెట్టమనండి. గట్టిది వేస్తే అమ్మగారు సెట్టు తీయలేక గోళ్లు విరగ్గొట్టుకుంటారు. ఇంప్లాంట్లను కడ్డీతో కలిపి దాని మీద క్లిప్పు పెట్టే పద్ధతి గట్టిగా ఉంటుంది, కానీ ఎత్తు చాలా కావాలి. లొకేటర్‌కు చిగురు నుంచి సెట్టు పళ్ళ దాకా తొమ్మిది మిల్లీమీటర్లు సుమారుగా సరిపోతే, కడ్డీకి పన్నెండు పైన కావాలి. ఆ చోటు చూడకుండా వేస్తే సెట్టు ఆ దగ్గర పల్చబడి పగులుతుంది. పగలకుండా లోపల సన్న లోహపు జాలీ వేయమని అడగండి, ఖర్చు పెద్దగా పెరగదు.

రెండు ఇంప్లాంట్లతో కట్టేసిన సెట్టు వెనక భాగం ఇంకా చిగురు మీదే కూర్చుంటుంది, నమిలినప్పుడు కొంచెం ఊగుతుంది. అక్కడ ఎముక కరగడం ఆగదు, అందువల్ల ఎప్పుడో ఒకప్పుడు సెట్టు అడుగు మళ్లీ నింపించాలి. ఇది ముందే తెలిస్తే "ఇంప్లాంట్లు వేయించినా మళ్లీ వదులైంది" అని బాధ పడరు. ఇంకో సంగతి. నమిలినప్పుడు పక్కన మంటగా, పెదవిలో జివ్వుమన్నట్టు ఆవిడకు అనిపిస్తోందా? బాగా కరిగిన దవడలో నరం బయటికొచ్చే రంధ్రం పైఅంచు మీదకు వచ్చేసి సెట్టు కింద నలుగుతుంది. అలా ఉంటే రెండు చాలవు. బరువు చిగురు మీద పడకుండా ఇంప్లాంట్లే మోసేలా ప్లాన్ మార్చాలి.

ఆపరేషన్‌లో డాక్టరు నిజంగా జాగ్రత్తపడే విషయాలు రెండు. ముందు దవడ లోపలి గోడ నాలుక వైపు గుంటలా ఉంటే డ్రిల్లు ఆ గోడను దాటి బయటికి రావచ్చు. అక్కడ నాలుక కింద రక్తనాళాలున్నాయి. తెగితే నాలుక అడుగు వాచి శ్వాసకు అడ్డుపడుతుంది. అరుదే, కానీ జరిగితే అత్యవసరం. ఇంటికొచ్చాక నాలుక కింద వాపు పెరుగుతూ, మింగడం, మాట్లాడటం కష్టమైతే డాక్టరు ఫోనెత్తే దాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. రెండోది నరం. అది రంధ్రం నుంచి బయటికొచ్చే ముందు కొందరిలో ముందుకు వంపు తిరుగుతుంది. అందుకే రంధ్రానికి కొన్ని మిల్లీమీటర్ల దూరం వదిలి వేస్తారు. మత్తు దిగాక కూడా పెదవి, గడ్డం మొద్దుగా ఉంటే అదే రోజు చెప్పాలి. ఇంప్లాంట్ నరాన్ని నొక్కుతుంటే త్వరగా తీస్తే కోలుకునే అవకాశం ఎక్కువ.

షుగర్ ఉందని ఇంప్లాంట్ వేయకూడదని కాదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఏడు దగ్గర ఉంటే నిశ్చింతగా చేయొచ్చు. ఎనిమిది దాటితే ముందు దాన్ని దించమంటాను. గుండె డాక్టరు రాసిన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే సొంతంగా ఆపకండి. రెండు ఇంప్లాంట్ల పనికి చాలాసార్లు ఆపాల్సిన అవసరమే ఉండదు.

ఇంతకంటే ముఖ్యమైన మందు ఒకటి ఇళ్లల్లో చెప్పకుండా పోతుంది. ఎముకల బలానికని వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర, ఏడాదికొకసారి ఎక్కించే జోలెడ్రోనేట్ సెలైన్, ఆరు నెలలకొక డెనోసుమాబ్ ఇంజెక్షను. అమ్మలు వీటిని "క్యాల్షియం మాత్రలు" అని చెప్పేస్తారు. ఈ మందులు వాడేవారిలో దవడ ఎముకకు గాయం చేస్తే అరుదుగా మానకుండా ఎముక కుళ్ళడం జరుగుతుంది. క్యాన్సర్ కోసం పెద్ద మోతాదులో తీసుకున్నవారికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మందుల చీటీలన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి, నోటితో చెప్పొద్దు. దవడకు రేడియేషన్ ఇచ్చి ఉన్నా, చుట్టా జర్దా అలవాటున్నా దాచొద్దు. ఉత్తరాంధ్ర వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దమ్మలకు ఇంప్లాంట్ మాట తర్వాత, ముందు అంగిలి పరీక్ష చేస్తాం.

మీరు ఇప్పుడు చేయాల్సింది స్కాన్‌కు ముందే ఒకటుంది. పన్నెండేళ్ల సెట్టుకు పళ్ళు అరిగిపోయి ఉంటాయి, గడ్డం ముక్కు దగ్గరకు వచ్చి ఉంటుంది. సగం వదులు ఆ సెట్టు వల్లనే కావచ్చు. కొందరికి అచ్చు సరిగ్గా తీసి, నాలుక బుగ్గల మధ్య చోటులో పళ్ళు అమర్చి కొత్త సెట్టు చేస్తే ఇంప్లాంట్ లేకుండానే నెట్టుకొస్తారు. ఇంప్లాంట్లు వేసినా సెట్టు సరిగా లేకపోతే అవే చెడతాయి. అందుకని ముందు కొత్త సెట్టు డిజైన్ చేసి, పళ్ళు ఎక్కడ రావాలో నిర్ణయించి, దాని నకలు నోట్లో పెట్టి స్కాన్ తీస్తే ఇంప్లాంట్లు ఆ పళ్ళ కిందకే వస్తాయి. ముందు ఇంప్లాంట్లు వేసేసి తర్వాత సెట్టు ఆలోచించే చోట, లొకేటర్ పెదవి వైపు పొడుచుకొచ్చిన కేసులు చాలా చూశాను.

తర్వాత పని పెద్దది కాదు. చిగురుకు మత్తు ఇంజక్షన్లు, గంటా గంటన్నర, కుట్లు వారం పది రోజుల్లో తీస్తారు. కొన్ని రోజులు కింది సెట్టు పెట్టకూడదు. తర్వాత పాత సెట్టు లోపలివైపు తవ్వి మెత్తటి పదార్థం నింపి ఇస్తారు. రెండు మూడు నెలలకు ఎముక పట్టాక టిచ్ భాగాలు అమరుస్తారు. ఆ పైన రాత్రి సెట్టు తీసి నీళ్ళలో వేయాలి, వేడినీళ్ళు వద్దు. నోట్లో ఉన్న పైభాగాల చుట్టూ మెత్తటి బ్రష్షుతో రోజూ రుద్దాలి. నైలాన్ టోపీలు ఆర్నెల్లకో ఏడాదికో మారుతుంటాయి. అన్నం, చపాతీ, మెత్తగా ఉడికిన మాంసం హాయిగా తింటారు, జామకాయ ముక్కలుగా కోసుకుంటే అదీ తింటారు. చెరకు, చేగోడీల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దనండి. తర్వాతెప్పుడైనా ఎంఆర్ఐ తీయాల్సొస్తే టైటానియం ఇంప్లాంట్లతో ఇబ్బంది లేదు, సెట్టు తీసి వెళ్తే చాలు. అయస్కాంతంతో పట్టే రకం వేయించుకుంటే మాత్రం స్కాన్ వాళ్లకు ముందే చెప్పాలి.

డబ్బు మాట మాట్లాడేటప్పుడు "ఒక ఇంప్లాంట్ ఇంత" అన్న అంకె దగ్గర ఆగకండి. లొకేటర్లు, కొత్త సెట్టు, స్కాన్, మెత్తటి లైనింగ్, మొదటి ఏడాది టోపీలు అందులో ఉన్నాయా అని కాగితం మీద రాయించుకోండి. ఇంప్లాంట్ డబ్బా మీది స్టిక్కర్ అడిగి దాచుకోండి. పదేళ్ల తర్వాత స్క్రూ వదులైతే ఏ కంపెనీదో తెలియక డాక్టర్లు తల పట్టుకుంటారు. అమ్మగారు ఏడాదిలో కొన్ని నెలలు అమెరికాలోనో దుబాయ్‌లోనో పిల్లల దగ్గర ఉండేవారైతే అక్కడా విడిభాగాలు దొరికే కంపెనీనే ఎంచుకోండి. ఖర్చు భారమనుకుంటే మీకు దగ్గర విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ. అక్కడి కట్టుడు పళ్ళ విభాగంలో ఒకసారి అడిగి చూడండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, కడపలో కూడా ప్రభుత్వ కాలేజీలున్నాయి. తిరగడం ఎక్కువవుతుంది, కానీ పీజీ విద్యార్థి వెనక ప్రొఫెసర్ ఉంటారు, తొందర ఉండదు.

మీ చివరి ప్రశ్న, పై సెట్టు. నా అనుభవంలో మార్చకుండా సరిపోయే సందర్భాలు తక్కువ. కింద పట్టు రాగానే మనిషి ముందు పళ్ళతో గట్టిగా నమలడం మొదలుపెడతారు. అప్పటిదాకా బాగున్న పై సెట్టు వెనక భాగం జారి, "ఇప్పుడు ఇది వదులైందేమిటి" అంటారు. పైగా పన్నెండేళ్లు అరిగిన పై పళ్ళకు తగ్గట్టు కొత్త కింది పళ్ళు అమరిస్తే ఆ తప్పు కొరుకుడే కొనసాగుతుంది. రెండూ కలిపి చేయించండి. ఒకసారి ఆవిడ పై సెట్టు తీయించి, ముందు పళ్ళ చోట చిగురును వేలితో మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉండకుండా మెత్తగా అటూ ఇటూ కదులుతుంటే ఆ సంగతి అచ్చు తీసే ముందే డాక్టరుకు చెప్పండి. అలాంటి చిగురును నొక్కకుండా అచ్చు తీసే పద్ధతి వేరుగా ఉంటుంది.